పుస్తకాల్లోని భయం కథలు తెర మీదికొస్తే: ఏ వయసుకు, ఎలా చూపించాలి?

వర్తూరు చదువరి అడిగినది

నమస్కారమండి. బెంగళూరులో వర్తూరు దగ్గర మా అపార్ట్‌మెంట్లో తెలుగు పిల్లలకు నెలకో పుస్తకం చదివి వినిపించి, నెలాఖరు శనివారం క్లబ్‌హౌస్‌లో అదే కథతో వచ్చిన సినిమా వేద్దామని అనుకుంటున్నాం. పిల్లలు 18 మంది. అయిదేళ్ల వాళ్లూ ఉన్నారు, పన్నెండేళ్ల వాళ్లూ ఉన్నారు. బళ్లో ఇంగ్లీషు, కన్నడ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు చదవడం నలుగురైదుగురికే వచ్చు.

ఇప్పటికి అనుకున్నవి: కోరలైన్, ది విచెస్, పినోకియో, హారీ పాటర్‌లో మొదటి రెండు. మనవాటిలో బేతాళ కథలు, పాతాళభైరవి. జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టగానే పెద్దవాళ్లు రెండుగా చీలిపోయారు. పిల్లల కోసం రాసిన పుస్తకమే, బొమ్మల సినిమాయే, భయమెందుకని కొందరు అంటున్నారు. అమ్మ రూపంలో రాకాసి వచ్చే కథ పసివాళ్లకు ఎందుకని మిగతావాళ్ల మాట. రెండు మాటల్లోనూ నాకు సబబు కనిపిస్తోంది.

తెలిసినవాళ్లు చెప్పండి. సర్టిఫికెట్ చూసి నిర్ణయించుకుంటే సరిపోతుందా? పుస్తకం ముందే విన్న పిల్లలకు సినిమా అంటే భయం తగ్గుతుందా? అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టవచ్చా? తెలుగు డబ్బింగ్ దొరికితే అదే వెయ్యాలా?


సెన్సారు సంగతులు ఇచ్చిన జవాబు

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. సర్టిఫికెట్ మీద మనవాళ్లు మోయలేనంత భారం పెడుతున్నారు.

మన దేశంలో సినిమాలకు సర్టిఫికెట్ ఇచ్చేది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద. దాన్ని 2023లో సవరించారు. అంతకు ముందు యు, యుఏ, ఏ, ఎస్ (డాక్టర్ల వంటి ప్రత్యేక వర్గాలకు) అని నాలుగే ఉండేవి. సవరణతో యుఏ మూడు ముక్కలైంది: యుఏ 7+, యుఏ 13+, యుఏ 16+. పాత సినిమాల మీద ఉత్త యుఏ అనే ఉంటుంది, పన్నెండేళ్ల లోపు వాళ్ల విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలనే అది చెబుతుంది, ఏడేళ్లకా పదకొండేళ్లకా అన్నది తెలియదు. ఇంకో సంగతి, యుఏ అనేది తల్లిదండ్రులకు సలహా మాత్రమే. అయిదేళ్ల పిల్లను యుఏ 13+ సినిమాకు తీసుకెళ్లినా గేటు దగ్గర ఆపే నిబంధన లేదు. 18 ఏళ్ల లోపు వాళ్లను ఆపేది ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) అన్న సర్టిఫికెట్ ఒక్కటే.

ఓటీటీ దారి వేరు. అక్కడ నడిచేది 2021 ఐటీ నియమాలు. యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అన్న వర్గీకరణ ఆ వేదికలే ఇచ్చుకుంటాయి. బొమ్మ మొదలైనప్పుడు ఓ మూలన వయసుతో పాటు హింస, భాష, భయం వంటి మాటలు చిన్న అక్షరాల్లో వస్తాయి. అందరూ వదిలేసేది ఆ చిన్న అక్షరాలనే. మీకు ఎక్కువ పనికొచ్చేది అవే. 13+, ఆ పైవాటికి తల్లిదండ్రుల తాళం పెట్టుకునే సౌకర్యం ఇవ్వాలని కూడా ఆ నియమాల్లో ఉంది. పిల్లల ప్రొఫైల్ వేరుగా చేసి పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టకపోతే ఆ తాళం ఉన్నా లేనట్టే.

ఇక విదేశీ సినిమాల మీద కనిపించే పీజీ అన్నది వయసు కాదు. పెద్దవాళ్లు పక్కన ఉండి చూసుకోండని దాని అర్థం. కోరలైన్ సినిమా (2009) అమెరికాలో పీజీ. హారీ పాటర్‌లో మొదటి మూడూ పీజీయే, 2005లో వచ్చిన నాలుగోది పీజీ-13, అంటే పదమూడు లోపు వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అని. తీసినవాళ్లు మారిపోయారని కాదు, కథే అలా సాగుతుంది. పుస్తకానికో ఏడు చొప్పున హారీ పెరుగుతాడు, చదివే పిల్లలూ తనతోపాటు పెరుగుతారన్న లెక్క అది. ఎనిమిదేళ్ల పిల్లవాడు వేసవి సెలవుల్లో ఎనిమిది సినిమాలూ వరసగా చూస్తే ఆ లెక్క తప్పుతుంది. మొదటి రెండిటికే ఆగుదామనుకున్నారు, మంచి పని. మొదటిదాని చివర మనిషి తల వెనక ఇంకో మొహం బయటపడే దృశ్యం, రెండోదాంట్లో సాలీళ్ల గుంపు, పెద్ద పాము ఉంటాయని మాత్రం గుర్తుంచుకోండి.

సర్టిఫికెట్ ఎంతవరకు ఆగుతుందో చెప్పడానికి వాటర్‌షిప్ డౌన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1972లో వచ్చిన కుందేళ్ల నవల, 1978లో బొమ్మల సినిమా అయింది. బ్రిటన్‌లో దానికి యు ఇచ్చారు. కుందేళ్లు ఒకదాన్నొకటి చీల్చుకోవడం, నెత్తురు, ఊపిరాడక చావడం అన్నీ అందులో ఉన్నాయి. నలభై ఏళ్లు దాటాక 2022లో గానీ దాన్ని పీజీకి మార్చలేదు. అంతకాలం యు అక్షరం చూసి పసివాళ్లను కూర్చోబెట్టారన్న మాట. యు అంటే అందరూ చూడవచ్చు అని. పిల్లల కోసం తీశారని కాదు.

సెన్సారు లెక్కపెట్టేది నెత్తురు, బూతు, శృంగారం, పొగ, మందు. అమ్మ మొహం నెమ్మదిగా వేరే మొహంగా మారితే అయిదేళ్ల పిల్లకు ఏమవుతుందో ఆ లెక్కలో సరిగా ఇమడదు.

ఇంకో చిన్న మాట: ఓటీటీ సభ్యత్వం ఇంటి వాడకానికి ఇచ్చినది. క్లబ్‌హౌస్‌లో పద్దెనిమిది మందికి వెయ్యాలంటే ప్రదర్శన హక్కుల సంగతి ముందు అసోసియేషన్‌తో తేల్చుకోండి. టికెట్ పెట్టకపోయినా ఈ ప్రశ్న ఉంటుంది.


కథాగంప ఇచ్చిన జవాబు

రెండో ప్రశ్నే మీ అసలు ప్రశ్న అనిపిస్తోంది. పుస్తకం ముందే వింటే సినిమా భయం తగ్గుతుందా? ఎనిమిది దాటిన వాళ్లకు తగ్గుతుంది. ఇక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసన్న ధీమా వాళ్లకు పట్టుకొమ్మ. అయిదారేళ్ల వాళ్లకు కథ తెలిసినా తెర మీది మొహం కొత్తదే. వాళ్లు భయపడేది ఆ మొహానికి.

వింటున్నప్పుడు రాకాసి ఎంత ఎత్తుండాలో, కళ్లు ఏ రంగో పిల్లే నిర్ణయించుకుంటుంది. తట్టుకోగలిగినంతే ఊహించుకుంటుంది. ఎక్కువైతే చెవులు మూసుకుంటుంది, మధ్యలో సంబంధం లేని ప్రశ్న వేస్తుంది, చదివేవాళ్లు ఆగుతారు. సినిమా ఆగదు. కొలత దర్శకుడిది, వేగం ఎడిటర్‌ది. పైగా సౌండు చీకటిగదిలో ఛాతీకి తగులుతుంది.

చిన్నపిల్లలు రూపానికి భయపడతారన్నది ప్రయోగాల్లో తేలిన సంగతి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోఆన్ కాంటర్ పిల్లల సినిమా భయాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1980లలో చేసిన ఒక ప్రయోగంలో ఒక ముసలామెను నాలుగు రకాలుగా చూపించారు: అందంగా ఉండి మంచిది, అందంగా ఉండి చెడ్డది, వికారంగా ఉండి మంచిది, వికారంగా ఉండి చెడ్డది. మూడు నుంచి అయిదేళ్ల వాళ్లు ఎక్కువగా రూపాన్ని బట్టి ఆమె మంచిచెడ్డలు తేల్చారు. పెద్ద పిల్లలు ఎక్కువగా ఆమె చేసిన పనిని చూసి చెప్పారు. మనిషి పచ్చటి రాక్షసాకారంగా మారే టీవీ సీరియల్ హల్క్‌కు కూడా బడికెళ్లని వయసు పిల్లలు బాగా జడిశారు. హల్క్ మంచివాడే, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడేవాడే. వాళ్లను జడిపించింది ఆ మారడం.

ఇప్పుడు కోరలైన్ చూడండి. నవల 2002లో వచ్చింది. అందులో తలుపు అవతల ఇంకో ఇల్లు, ఇంకో అమ్మ, కళ్ల చోట నల్ల గుండీలు. నవలలో వాక్యాలు పొట్టివి, చెప్పే గొంతు నిదానం, వికారాన్ని ఎక్కువగా వర్ణించదు. సినిమా వంద నిమిషాలు. ముందు ఆ రెండో ఇంటిని తోటతో, విందుతో, రంగులతో ముంచెత్తుతుంది, తర్వాత ఆ అమ్మను కొంచెం కొంచెంగా సన్నబరిచి, పొడుగు చేసి, చివరికి సాలీడు చేస్తుంది. చిన్నపిల్లలు దేనికి జడుస్తారని ప్రయోగాల్లో తేలిందో సరిగ్గా అదే, అది కూడా అమ్మ మొహంతో. చివరి మూడో వంతంతా ఆ బిగువే. ఎనిమిది లోపు వాళ్లకు ఈ సినిమా వద్దని గట్టిగా చెబుతాను. పుస్తకం మాత్రం ఏడేళ్ల వాళ్లకు పక్కన కూర్చుని చదివి వినిపించవచ్చు.

పెద్ద పిల్లలకు ఇక్కడ మంచి చర్చ దొరుకుతుంది. సినిమాలో వైబీ అనే కుర్రాడు ఉంటాడు, పుస్తకంలో ఆ పాత్రే లేదు. పుస్తకంలో కోరలైన్ తనలో తను ఆలోచించుకుంటుంది, తెర మీద ఆ ఆలోచన వినిపించాలంటే మాట్లాడేందుకు ఓ మనిషి కావాలి కనుక అతన్ని పెట్టారు. దానివల్ల ముగింపు మారింది. పుస్తకంలో తన వెంట వచ్చిన ఆ రెండో అమ్మ తెగిన చేతిని కోరలైన్ ఒక్కతే ఓడిస్తుంది: పాడుబడిన బావి నోటి మీద కాగితపు టేబుల్‌క్లాత్ పరిచి, బొమ్మల విందు పెట్టినట్టు నటించి, చెయ్యి వచ్చి తాళంచెవి మీద పడగానే రెండూ బావిలో కూలేలా చేస్తుంది. సినిమాలో వైబీ వచ్చి సాయపడతాడు. భయం ఎక్కువున్నది సినిమాలో, పిల్ల తెలివి ఎక్కువున్నది పుస్తకంలో. పదేళ్ల వాళ్లను ఈ రెండు ముగింపులు పోల్చమనండి.

భయం పెట్టేది కూడా వయసుతో మారుతుంది. అయిదారేళ్లలో వికారమైన మొహం, అమ్మ కనపడకుండా పోవడం. ఏడెనిమిది నుంచి తనకు దెబ్బ తగలడం, ఎవరో ఎత్తుకుపోవడం. పది దాటాక నిజంగా జరగగలవి: యుద్ధం, జబ్బు, ఇంట్లోవాళ్ల చావు. అందుకే 2022లో గిల్లెర్మో డెల్ టోరో తీసిన కొత్త పినోకియోను చిన్నపిల్లలదని తీసిపారేయకండి. అది ముస్సోలినీ కాలపు ఇటలీలో జరుగుతుంది, మొదట్లోనే బాంబు పడి ఓ పిల్లవాడు చనిపోతాడు, తండ్రి ఏళ్లకేళ్లు ఏడుస్తాడు. ఆరేళ్ల పిల్ల చెక్కబొమ్మను చూసి నవ్వుకుంటుంది. పదకొండేళ్ల వాడు తండ్రి వంక చూసి మాట్లాడడం మానేస్తాడు. 1940 నాటి పినోకియోలో పిల్లలు గాడిదలయ్యే ఘట్టం దీనికి తలకిందులు, అది చిన్నవాళ్లను జడిపిస్తుంది.


మలుపు ఇచ్చిన జవాబు

పై ఇద్దరూ చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఒకదాంతో విభేదిస్తాను.

ముగింపు మెత్తగా ఉంటే పిల్లలకు మంచిదన్న నమ్మకం మన పెద్దల్లో బాగా ఉంది. సినిమావాళ్లలోనూ ఉంది. ది విచెస్ నవలలో (1983) మంత్రగత్తెలు ఎలుకగా మార్చిన పిల్లవాడు ఎలుకగానే ఉండిపోతాడు. ఇక తొమ్మిదేళ్లే బతుకుతానని తెలిసి కూడా సంతోషిస్తాడు, ఎందుకంటే అవ్వ కూడా ముసలిదే, ఆమె పోయాక తను ఒంటరిగా మిగలక్కర్లేదు. 1990 సినిమాలో చివర వాణ్ణి మళ్లీ మనిషిని చేశారు. రచయితకు ఆ మార్పు ససేమిరా నచ్చలేదు. 2020లో మళ్లీ తీసినప్పుడు ఎలుకగానే ఉంచారు. నా మటుకు నాకు నవల ముగింపే పిల్లలకు ఎక్కువ ఊరట. ఏమైనా సరే నిన్ను ప్రేమించేవాళ్లు ఉంటారని అది చెబుతుంది. అన్నీ మళ్లీ మామూలయ్యాయని చెప్పే కథ, మామూలు కాని ఇంట్లో పెరిగే పిల్లకు ఏం చెబుతుంది?

గ్రిమ్ సోదరుల కథల్లోనూ ఇదే. 1812 ముద్రణలో స్నో వైట్‌ను చంపించబోయినది కన్నతల్లే. తర్వాతి ముద్రణలో ఆమెను సవతితల్లిని చేశారు. కన్నతల్లి పరువు దక్కింది, సవతితల్లి అంటే చెడ్డదన్న ముద్ర తరతరాలకు మిగిలింది. మెత్తన చెయ్యడంలో ఒకరికి మేలు జరిగితే మరొకరికి దెబ్బ తగలవచ్చు. మీ గుంపులో అమ్మ వేరే పెళ్లి చేసుకున్న ఇల్లో, నాన్న చేసుకున్న ఇల్లో ఉంటే ఆ పిల్ల ఈ కథ ఎలా వింటుందో ఆలోచించండి.

అదే కోవలో 2020 ది విచెస్ గురించి ఓ హెచ్చరిక. అందులో మంత్రగత్తెలకు చేతికి మూడేసి వేళ్లే ఉన్నట్టు చూపించారు. పుట్టుకతోనే వేళ్లు తక్కువగా ఉన్నవాళ్లు నొచ్చుకున్నారు, నిర్మాతలు క్షమాపణ చెప్పారు. నవలలో ఆ వేళ్లు లేవు, గ్లౌజుల కింద దాచుకున్న గోళ్లు మాత్రమే ఉన్నాయి. సినిమాను వెయ్యడమా మానడమా అన్నదానికన్నా ముందు, మీ పద్దెనిమిది మందిలో ఎవరి ఒళ్లు, ఎవరి ఇల్లు ఆ తెర మీద చెడ్డదానిగా కనిపిస్తుందో చూసుకోండి.

విభేదించేది: కోరలైన్‌ను ఎనిమిది దాటిన అందరికీ అన్నారు కథాగంప గారు. వయసు ఒక్కటే గీటురాయి కాదండి. ఈ మధ్యే ఇంట్లో చావు చూసిన పిల్ల, కొత్త ఊరొచ్చి ఇంకా సర్దుకోని పిల్ల, అమ్మానాన్నలు విడిపోతున్న పిల్ల పదకొండేళ్లదైనా ఈ సినిమా ఆ నెల వద్దు. తల్లిదండ్రులకు ముందే విడిగా ఒక మెసేజ్ పెట్టండి: కథలో ఇది ఇది ఉంది, మీ పిల్లకు ఇప్పుడు సరేనా అని. గ్రూపులో అడిగితే ఎవరూ నిజం చెప్పరు.


బాలకథల బీరువా ఇచ్చిన జవాబు

డబ్బింగ్ సంగతి, మన కథల సంగతి నేను చెబుతాను.

ఇంగ్లీషులో మదర్ అన్న మాట మీ పిల్లలకు పాఠంలో మాట. తెలుగులో అమ్మా అన్నది వాళ్ల సొంత గొంతులోని మాట. అదే దృశ్యం తెలుగులో వింటే ఒక మెట్టు దగ్గరగా తగులుతుంది. కనుక భయం ఎక్కువున్న సినిమాకు ఇంగ్లీషు ఆడియోనే ఉంచి, చిన్నవాళ్లకు పక్కన పెద్దవాళ్లు తెలుగులో మెల్లగా చెబుతూ ఉంటే ఆ దూరం కాపు కాస్తుంది. పుస్తకం మాత్రం తెలుగులోనే చదవండి, ఇంగ్లీషు నవలనైనా అప్పటికప్పుడు తెలుగులో చెప్పండి. మెల్లిగా చెప్పే ఇంటి గొంతులో భయం అదుపులో ఉంటుంది.

మనవాళ్లు పిల్లలకు భయం కథలు చెప్పడం మానింది ఎప్పుడూ లేదు. రాకాసి, బ్రహ్మరాక్షసుడు, బలి, శవం, శ్మశానం అన్నీ ఉన్నాయి. అయితే ఆ భయాన్ని పట్టి ఉంచే కట్లు కూడా కథలోనే ఉండేవి. మాయావి ప్రాణం ఏడు సముద్రాలకవతల చిలకలో ఉందని మొదటే చెబుతారు. దాంతో వాడు ఎంత భయంకరుడైనా ఎలా చస్తాడో పిల్లకు తెలుసు. విదేశీ భయం సినిమాల్లో చాలావాటికి ఆ చిలక ఉండదు. మీ జాబితాలోని ప్రతి కథకూ ఈ ప్రశ్న వేసి చూడండి: ఇందులో చిలక ఎక్కడుంది? కోరలైన్‌లో ఉంది, నడుమ కన్నమున్న రాయి, తాళంచెవి.

బేతాళ కథల్లో కట్టు ఇంకా గట్టిది. 1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన చందమామ దశాబ్దాల పాటు వేసిన బేతాళ కథల్లో ఎత్తుగడ ప్రతి నెలా ఒకటే, ముగింపు ఒకటే. విక్రమార్కుడు శవాన్ని దించడం, భుజాన వేసుకోవడం, మౌనభంగం, శవంతో సహా బేతాళుడు మాయం కావడం. శంకర్ గీసిన ఆ బొమ్మ కూడా నెల నెలా అదే: కత్తి, శవం, చెట్టు. వందసార్లు చూసిన శవం పిల్లలకు పాత చుట్టమైపోతుంది. మధ్యలో వచ్చే కథ మాత్రమే కొత్తది, అది భయం కథ కాదు, ధర్మసందేహం. పాత సంస్కృత కథలు 25, సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నాయి, 11వ శతాబ్దం నాటివి. అవి అయిపోయాక చందమామ అదే ఎత్తుగడలో కొత్తవి అల్లుకుంటూ పోయింది. పిల్లలకు మొదట ఆ కొత్తవే చదవండి. మూల కథల్లో కొన్ని పెద్దల సంగతులు.

చదివే తీరు ఒకటి చెబుతాను. బేతాళుడి ప్రశ్న రాగానే పుస్తకం మూయండి. అయిదు నిమిషాలు పిల్లల్ని వాదించుకోనివ్వండి, తర్వాతే విక్రమార్కుడి జవాబు చదవండి. ఆ వాదనలో శవం సంగతే మరచిపోతారు.

పాతాళభైరవి 1951లో విజయా వాళ్లు తీసినది, మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల నుంచి తీసుకున్నారు. నలుపు తెలుపు, కెమెరా దూరంగా నిలబడి చూస్తుంది, మాంత్రికుడు నాటకంలోలా మాట్లాడతాడు. ఇవన్నీ పిల్లలకు రక్షణే. బలి ఘట్టం ఉంది, కథానాయకుడు తోట రాముణ్ణి బలివ్వబోయిన మాంత్రికుణ్ణే రాముడు బలిస్తాడు. తర్వాత శిష్యుడు సదాజప వాణ్ణి మళ్లీ బతికిస్తాడు. బేతాళ కథల చివర రాజును బలివ్వాలనుకున్న భిక్షువుకు పట్టిన గతీ ఇదే, పెద్ద పిల్లలకు ఆ పోలిక చూపండి. సినిమా మూడు గంటలు దాటుతుంది. రెండు శనివారాలు చెయ్యండి, ఆరు దాటినవాళ్లు హాయిగా చూస్తారు. మీ జాబితాలో మొదట వెయ్యాల్సింది ఇదే అంటాను.

మీ అంతస్తుల్లోని కన్నడ పిల్లలనూ పిలవండి. మన బూచి వాళ్లకు గుమ్మ. చందమామ కన్నడంలోనూ వచ్చేది, తమిళంలో అంబులిమామ.


వర్తూరు చదువరి

అందరికీ కృతజ్ఞతలండి. ఒకే గదిలో అందరూ వద్దని తేలింది. ఎనిమిది లోపు ఏడుగురు, పైన పదకొండు మంది. ఆ రోజు ఏర్పాట్లు ఎలా ఉండాలి? మధ్యలో ఒకరు ఏడిస్తే సినిమా ఆపాలా? రాత్రి కలవరిస్తే ఏం చెప్పాలి?


కథాగంప

ఏడుగురికి అదే సమయంలో పక్క గదిలో వేరే కథ పెట్టండి. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి, రెండో స్థాయి పుస్తకాలు మూడు చాలు. చిన్నవాళ్లను పంపేశారన్న భావన రాకుండా వాళ్ల గదికీ టీ కప్పుల్లో పాప్‌కార్న్ వెళ్లాలి.

పెద్ద పిల్లల గదికి సమయం సాయంత్రం నాలుగు. రాత్రి భోజనాలయ్యాక వద్దు. సినిమాకూ నిద్రకూ మధ్య కనీసం మూడు గంటలు, అందులో ఒక గంట బయట ఆట ఉండాలి. సినిమా వేసే మనిషి ముందు రోజు ఒక్కతే మొత్తం చూసి, గట్టి ఘట్టాలు ఏ నిమిషంలో వస్తాయో కాగితం మీద రాసుకోవాలి. ట్రైలర్ చూసి సరిపెట్టుకుంటే తప్పుతుంది, ట్రైలర్లో నవ్వు ఘట్టాలే ఎక్కువ వేస్తారు.

గది పూర్తి చీకటి చెయ్యకండి. వెనకగోడ వైపు ఒక పసుపు దీపం వెలగనివ్వండి, తెర మీద పడకూడదు. సబ్‌వూఫర్ తీసెయ్యండి, లేకపోతే బేస్ బాగా తగ్గించండి. ఉలిక్కిపాటు సగం ఆ గుభీమన్న శబ్దంలోనే ఉంటుంది. బేస్ తగ్గిస్తే మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. తెర చిన్నదైతే భయమూ చిన్నదవుతుంది, ప్రొజెక్టర్‌ను దగ్గరికి జరిపి బొమ్మను గోడలో సగానికి కుదించండి. ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లు ముందు వరసలో కాదు, తలుపు వైపు చివర. నలుగురికో పెద్దమనిషి, రిమోట్ ఒకరి చేతిలోనే.

మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పండి: ఎవరైనా ఎప్పుడైనా లేచి బయటికి వెళ్లవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఎగతాళి చేసేవాణ్ణి అక్కడికక్కడే ఆపండి, భయం కన్నా ఎగతాళే పిల్లలను కదలకుండా కూర్చోబెడుతుంది. ఒకరు ఏడిస్తే సినిమా ఆపి లైట్లన్నీ వెయ్యకండి, అందరూ ఆ పిల్ల వంకే చూస్తారు. పక్కనున్న పెద్దమనిషి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాలి. ఇద్దరు ముగ్గురు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంటే మాత్రం ఆపి మంచినీళ్ల విరామం ఇవ్వండి. గట్టి ఘట్టం నడుమ ఆపి అక్కడితో ముగించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రాకాసి గెలిచిన చోట కథ ఆగిపోతే పిల్లలు దాన్ని అలాగే ఇంటికి మోసుకెళతారు. తక్కినది మరో రోజు చూపించేలా ఉంటే, ఆ రోజు చివర ఏమవుతుందో నోటితో చెప్పి పంపండి.

అయ్యాక ఇరవై నిమిషాలు. భయమేసిందా అని అడగకండి, లేదనే అంటారు. నువ్వైతే ఆ తలుపు దగ్గర ఏం చేసేదానివి అని అడగండి. తొమ్మిది దాటినవాళ్లకు కోరలైన్ బొమ్మలను ఎలా కదిపారో చెప్పండి: సెకనుకు 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేముకూ బొమ్మను చేత్తో వెంట్రుకవాసి జరపడం. ఎలా చేశారో తెలిస్తే పెద్ద పిల్లలకు భయం దిగుతుంది. చిన్నవాళ్లకు ఈ వివరణ పనిచెయ్యదు, అది నిజం కాదమ్మా అన్న మాట కూడా అంతే.

రాత్రి లేస్తే, ఎనిమిది లోపు వాళ్లకు మాటలు తక్కువ: ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, గ్లాసుడు నీళ్లు, తలుపు కొంచెం తెరిచి ఉంచడం, వాళ్ల పాత దుప్పటి. అంతకన్నా పెద్దవాళ్లతో పొద్దున్నే, వెలుతురులో, ఆ ఘట్టాన్ని కాగితం మీద బొమ్మ వేయించి, ముగింపు వాళ్లనే మార్చి రాయమనండి. రెండు వారాలు దాటినా ఒంటరిగా బాత్రూముకు వెళ్లనంటున్నా, నిద్ర చెడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.


వర్తూరు చదువరి

మొదటి నెల పాతాళభైరవి, రెండు శనివారాలు. ఆ లోపు ఆదివారాలు బేతాళ కథలు, ప్రశ్న దగ్గర పుస్తకం మూసి. కోరలైన్ పుస్తకం మూడో నెల, సినిమా ఎనిమిది దాటినవాళ్లకే, తల్లిదండ్రులకు విడిగా మెసేజ్ పెట్టాక. 2022 పినోకియో పన్నెండేళ్ల వాళ్లకు అట్టే పెడుతున్నాం. హక్కుల సంగతి రేపు అసోసియేషన్ మీటింగులో పెడతాను.